ఒకే విడతలో

వదిన పోయిన కబురు నాకు ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి ముందుగానే రాసి పెడుతున్నాను, నేను మర్చిపోయానని ఎవరూ అనుకోకుండా. గుడివాడలో మా ఎదురింట్లో ఏళ్ళ తరబడి ఉన్న మనిషి, మా గుమ్మంలో కూర్చుని నా భార్య వంటకి వంకలు పెట్టిన మనిషి, వీధి ఆ చివర్నుంచి ఈ చివరికి వినపడేలా నన్ను మరిదీ అని కేకేసిన మనిషి పోతే, ఒక్క ఫోన్ చెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ముదినేపల్లిలో నాకు చేపల మేత దుకాణం ఉంది. తవుడు కోసం వచ్చిన ఒక చెరువు రైతు తన ఫోన్‌లో స్టేటస్ చూపించి, "ఈవిడ మీ వీధిలో ఉండే బూట్ల టీచరుగారు కదండీ?" అన్నాడు. ఫొటో చుట్టూ పూలు. కింద అక్షరాలు చదవాల్సిన పని లేకపోయింది. అప్పటికప్పుడు షట్టరు దించి బస్సెక్కాను.

ఆమె పేరు రాయను. రాస్తే వాళ్ళ బంధువుల్లో ఎవరో ఒకరు "మమ్మల్ని అడక్కుండా ఎలా రాశావు" అంటారు. కబురు చెప్పడానికి గుర్తు రానివాళ్ళకి నిష్ఠూరాలాడడానికి మాత్రం నేను బాగా గుర్తొస్తాను.

రక్తసంబంధం ఏమీ లేదు. కూతురితో కలిసి ఎదురింట్లో అద్దెకి దిగిన రోజున వ్యానులోంచి సామాను దింపుతుంటే నేను మా గేటు దగ్గర నిలబడి చూస్తున్నాను. "ఏవయ్యా, చూడ్డానికి టిక్కెట్టేం లేదు గానీ, వచ్చి ఈ మంచం కోడు పట్టుకో" అంది. నా భార్య నవ్వుతూ బయటికొచ్చి ఆమెని అక్కా అని పిలిచింది. దాంతో ఆమె నాకు వదినయింది, నేను మరిదినయ్యాను. నన్నెవరూ అడగలేదు.

ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయింది. ఉద్యోగం వదిలినా గొంతు వదల్లేదు. పాలవాడు, కూరల బండివాడు, పాస్టరుగారు, ఎవరైనా సరే, ఆమె మాట్లాడుతుంటే వాళ్ళకి తెలియకుండానే నిటారుగా నిలబడేవారు. నేత చీర కట్టేది. దాని కింద తెల్ల కాన్వాసు బూట్లు. పెళ్ళికైనా, చావుకైనా, బజారుకైనా అవే. పిల్లలు బూట్ల టీచరని పేరు పెట్టారు, పెద్దలు కూడా అదే పేరుతో పిలిచారు, ఆమె పట్టించుకోలేదు.

చర్చిలో మాత్రం అది గొడవయింది. మా చర్చిలో అందరం చెప్పులు మెట్ల దగ్గర విడిచి లోపలికి వెళ్తాం. ఆమె వరండాలో కూర్చుని, సంచిలోంచి ఇంకో జత బూట్లు తీసి, బయటివి విడిచి, ఆ శుభ్రమైనవి తొడుక్కుని లోపలికి వచ్చేది. పాస్టరుగారు రెండు ఆదివారాలు చూసీచూడనట్టు ఊరుకుని మూడో ఆదివారం అడిగారు.

"అమ్మా, ఇది పరిశుద్ధ స్థలం. పాదరక్షలు విడిచి రావాలి."

"నిజమేనండీ అయ్యగారూ. మరి పరిశుద్ధ స్థలంలో పల్లేరుకాయలు ఎవరు వేశారండీ?"

ఆవరణ నిండా పల్లేరుకాయలే. అప్పటిదాకా మేమందరం వాటి మీద కుంటుకుంటూ పరిశుద్ధంగా నడిచినవాళ్ళమే. తర్వాతి వారం కమిటీవాళ్ళు ఆవరణ గీయించారు. అయినా ఆమె బూట్లు విప్పలేదు. "మీకు ముల్లు గుచ్చుకుంటే అబ్బా అంటారు. నాకు గుచ్చుకుంటే నాకు తెలియదు. తేడా అదే" అంది.

ఇంకో అలవాటుంది. సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుని, బూట్లు, మేజోళ్ళు విప్పి, చేతి అద్దం పట్టుకుని అరికాళ్ళు చూసుకునేది. ముందు కుడి, తర్వాత ఎడమ. వేళ్ళ సందులు విడదీసి మరీ చూసేది. వీధిలో ఆడవాళ్ళు నవ్వుకునేవారు, "ముఖం చూసుకునే వయసు దాటిపోయిందని పాదాలు చూసుకుంటోంది" అని. నేనూ నవ్వాను. నవ్వు వచ్చే పనే మరి.

ఆమెకి షుగరని వీధికి తెలుసు. మా వైపు ఎవరికి లేదు గనక! మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం, పొద్దున మిగిలితే అదీ అన్నమే తినే నేల ఇది. కాలవ ఇటు పొలం, అటు పొలం, మధ్యలో చేపల చెరువు. ఇక్కడ షుగర్ వచ్చినవాడు మాత్ర వేసుకుంటాడు, టీలో పంచదార మానేస్తాడు, కంచంలో అన్నం మాత్రం కొండలా అలాగే ఉంటుంది. పంచదార తీపి గాబట్టి అది షుగర్, అన్నం తెల్లగా చప్పగా ఉంటుంది గాబట్టి అది అమాయకురాలు. ఇది మా అందరి లెక్క. ఆమె ఒక్కతే అన్నం మీద చెయ్యి వేసింది. ఫంక్షన్లలో పిడికెడు పెట్టించుకుని, కూర మాత్రం గిన్నెడు అడిగేది.

దాన్ని మావాళ్ళు ఎలా అర్థం చేసుకున్నారో రాస్తే ఎక్కడివాళ్ళూ నమ్మరు. ఆమె అన్నం మీద అలిగిందని చెప్పుకున్నారు. ఇంట్లో కూతురు ఏదో అని ఉంటుంది, పెద్దావిడ మనసు విరిగి అన్నం మానేసింది అని చర్చి అంతా పాకింది. కూతురు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి వంట చేసి, తల్లి మాటలు పడే అమ్మాయి. ఒక సాయంత్రం పాస్టరుగారు, సంఘ పెద్ద ఒకాయన రాజీ చెయ్యడానికి వాళ్ళింటికి వచ్చారు. సంఘ పెద్దకి అప్పటికే కాలికి కట్టు ఉంది. మా ఇంట్లో కుర్చీలు తక్కువ కాదు గాబట్టి రెండు కుర్చీలు నేనే మోసుకెళ్ళాను, అందుకని అక్కడే ఉండి అంతా విన్నాను.

"ఎంత బాధైనా అన్నం మీద అలగకూడదమ్మా" అన్నాడు సంఘ పెద్ద.

"నేను అలగడమేంటండీ?"

"అమ్మాయి తొందరపడి ఏదన్నా అని ఉంటే మేం మందలిస్తాం. చిన్నపిల్ల. నువ్వే సర్దుకోవాలి."

కూతురు వంటింటి గుమ్మంలో అట్లకాడ పట్టుకుని నోరు తెరిచి నిలబడింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నాకు షుగరండీ" అంది వదిన.

"షుగరైతే మాత్రం? నాకు లేదా? నేను తినట్లేదా?"

"అదే చూస్తున్నానండీ. మీరు అన్నం తింటున్నారు, మీ కాలు కట్టు కట్టుకుని కూర్చుంది."

పాస్టరుగారు గబగబా ప్రార్థన చేసి లేచారు. ఆ ప్రార్థనలో కూతురి కోసం రెండు మాటలు, ఆమె కోపం తగ్గడం కోసం చాలా మాటలు ఉన్నాయి. షుగర్ గురించి ఒక్క మాటా లేదు.

ఇక నా సంగతికి వస్తాను.

మేం కొత్తగా మేడ కట్టుకుని ప్రార్థన పెట్టుకున్నాం. అన్నం, మాంసం కూర, పప్పుచారు. వడ్డన నేనే చేశాను, ఇంటాయన వడ్డించాలని నా పట్టుదల. మావైపు వడ్డనకి రెండు రూల్స్ ఉన్నాయి. ఒకటి, అన్నం ఒక్కసారి వడ్డించి ఊరుకోకూడదు, మారు వెయ్యాలి. మారు లేకుండా లేపితే ఆ ఇంటికి మంచిది కాదంటారు. రెండోది, కంచం ముందు కూర్చున్న మనిషి "వద్దు" అంటే దానికి "వద్దు" అని అర్థం లేదు, "ఇంకాస్త బతిమాలండి" అని అర్థం. కృష్ణా జిల్లాలో పుట్టిన ప్రతివాడికీ ఇవి చెప్పకుండానే తెలుసు.

వదిన ముందుకి గరిటె తీసుకెళ్ళాను. ఆమె కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"చాలు మరిదీ."

"ఒక్క గరిటె. కొత్తింట్లో మారు వేయించుకోకపోతే ఎలా?"

"చాలు."

"ఈ ఒక్క రోజుకేం కాదులే వదినా."

ఆ మాట ఆమెకి పడదు. "నీకిది ఒక్క రోజు. నిన్న ఇంకొకళ్ళ ఒక్క రోజు, రేపు పామర్రులో పెళ్ళివాళ్ళ ఒక్క రోజు. నా రోజు ఎప్పుడయ్యా?" అంది. చుట్టూ నవ్వారు. ఆ నవ్వు నన్ను చూసి నవ్వినట్టు అనిపించింది. చెయ్యి పక్కకి జరిపి గరిటెడు అన్నం వేసేశాను.

ఆమె నా మొహం వంక చూసింది. గ్లాసు తీసింది. ఆ వేడన్నం మీద నీళ్ళు పోసి, అందులోనే తీరిగ్గా చెయ్యి కడుక్కుంది. మెతుకులు పైకి తేలాయి. బంతిలో అందరూ తినడం ఆపారు. వరి పండించి బతికే మనుషుల మధ్య, కొత్తింట్లో, ఇంటాయన చేత్తో వేసిన అన్నం మీద ఎంగిలి నీళ్ళు. "నేను తిన్నది నా అన్నం. ఇది నీ అన్నం" అని లేచింది. పోతూ పోతూ నా భార్యతో, "మాంసం కూర బాగా కుదిరిందే" అని చెప్పి మరీ వెళ్ళింది.

దానికి నేను ఆమెని ఇప్పటికీ క్షమించలేదు. ఆమె చేసింది సరైన పనేనని ఇప్పుడు నాకు తెలుసు. సరైన పని చేసినవాళ్ళని కూడా క్షమించకుండా ఉండే హక్కు మనిషికి ఉంటుంది. ఆ తర్వాత ఎదురింటితో మాటలు మానేశాను. నా భార్య మానలేదు. అది ఇంకో అవమానం.

అలా ఉండగా చెరువు గట్టు మీద నత్తగుల్ల గుచ్చుకుని నా కాలి బొటనవేలు తెగింది. మేత ఎలా తింటున్నాయో చూడ్డానికి రైతుల చెరువుల మీదికి ఒట్టి కాళ్ళతో వెళ్ళడం నాకు అలవాటు. చిన్న గాయం. మానలేదు. పసుపు పెట్టాను, మానలేదు. వేలు నల్లబడుతుంటే గుడివాడలో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన రక్తం తీయించి, కాగితం చూసి, "షుగర్ బాగా ఉంది. అన్నం తగ్గించండి. లేకపోతే వేలు దక్కదు" అన్నాడు. ఈ మూడు ముక్కలూ తలెత్తకుండానే అన్నాడు. అన్నం తగ్గిస్తే ఏం తినాలో అడుగుదామని నోరు తెరిచేసరికి తర్వాతి పేషెంటు నా స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ సాయంత్రం వదిన వీధి దాటి మా ఇంటికి వచ్చింది. మాటలు లేవన్న సంగతి ఆమెకి గుర్తున్నట్టే లేదు. చేతిలో అద్దం.

"చూపించు కాలు."

"నీకెవరు చెప్పారు?"

"నీ పెళ్ళాం ఏడుస్తుంటే వీధంతా చెప్పింది. చూపించు."

నేల మీద కూర్చుని నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుంది. నాకు సిగ్గేసింది. అద్దం కింద పెట్టి, "చూడు. ఇది నీ అరికాలు. పుట్టాక ఎప్పుడైనా చూశావా?" అంది. చూడలేదు. మడమ పక్కన నాకు తెలియని ఇంకో గాయం ఉంది.

అప్పుడు చెప్పింది, ఎవరికీ చెప్పని సంగతి.

"మా అమ్మని రెండు విడతలుగా పూడ్చాం మరిదీ."

వాళ్ళది దివిసీమలో, కోడూరు అవతల ఊరు. వాళ్ళమ్మకి షుగర్. కాలికి పుండు. బందరు ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి తీసేశారు. తీసిన కాలు ఏం చేస్తారని ఆసుపత్రివాళ్ళు అడిగితే వాళ్ళ నాన్న పాత చీరలో చుట్టి బస్సులో ఊరికి తెచ్చాడట. సమాధుల దొడ్లో చిన్న గొయ్యి తవ్వారు. దానికి ప్రార్థన చెయ్యాలో అక్కర్లేదో ఆ ఊరి పాస్టరుగారికే తెలియలేదట. ఆఖరికి కళ్ళు మూసుకుని నిలబడ్డారట, అంతే. తర్వాత తల్లి మరో వేసవి దాకా బతికింది. అరుగు మీద కూర్చుని లేని పాదం దురద పెడుతోందని గోకమనేది. "ముక్క ముందు వెళ్ళి చోటు పట్టుకుని కూర్చుందే, నేను ఆలస్యం చేస్తున్నాను" అనేది.

"అలగడం కాదయ్యా నాది" అంది వదిన. "ఎప్పుడు పోతానో నా చేతిలో లేదు. అది పైనున్న ఆయన చూసుకుంటాడు. ఎన్ని విడతల్లో పోతానన్నది మాత్రం నా కంచంలో ఉంది. నేను ఒకే విడతలో వెళ్తాను. నీ ఇష్టం నీది."

ఆమె లేచి వెళ్తూ వంటింట్లోకి తొంగి చూసి నా భార్యతో, "రేపట్నుంచి అన్నంలో కూర కలుపుకోవడం కాదు. కూరలో అన్నం కలుపుకోమను" అంది.

ఇంత చిన్న మాట. దానికి అలవాటు పడడానికి నాకు ఎంత కాలం పట్టిందో, ఎంత విసుక్కున్నానో నా భార్యని అడగండి. కంచం నిండా ముందు తోటకూర, బీరకాయ, చేపల పులుసులో ముక్కలు. అవి సగం తిన్నాక ఒక చివరన పిడికెడు అన్నం. పొద్దున ఇడ్లీల బదులు పెసరట్టు. కడుపు నిండేది గానీ భోజనం చేసినట్టుండేది కాదు. చెయ్యి దానంతటదే అన్నం గిన్నె వైపు వెళ్ళేది. ఎవరైనా "అన్నం తిన్నావా?" అని పలకరిస్తే ఏం చెప్పాలో తెలిసేది కాదు. కూర తిన్నానంటే నవ్వుతారు.

వదిన కనిపెట్టుకునే ఉండేది. ఒకసారి ముదినేపల్లిలో పనుండి నా దుకాణానికి వచ్చింది. అప్పుడు నేనొక కొత్త రైతుకి మేత గురించి చెప్తున్నాను. సంచులకి చిల్లులు పెట్టి చెరువులో కర్రలకి కట్టండి, ఎంత తింటే అంతే వెయ్యండి, ఎక్కువ వేస్తే మిగిలింది కుళ్ళి నీళ్ళు చెడతాయి, చేపలు తేలిపోతాయి అని. ఆమె తవుడు బస్తా మీద కూర్చుని అంతా విని, రైతు వెళ్ళాక, "చేపకి ఇంత శాస్త్రం చెప్తున్నావు. నీ పెళ్ళాన్ని ఒక బొచ్చెచేపని కట్టుకున్నాననుకోమను, నీకూ సంచి కడుతుంది" అంది. గుమాస్తా బిల్లు పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వాడు. వాడి నవ్వు కూడా నాకు గుర్తుంది.

మధ్యలో ఒకాయన ఆకు రసం అమ్ముతూ వచ్చి, ఇది తాగితే మాత్రలు మానెయ్యొచ్చన్నాడు. నాకు ఆశ పుట్టింది. వదిన సీసా వాసన చూసి మూత పెట్టి అతనికే ఇచ్చేసింది. "తిండి మార్చుకోవడం మాత్రల పక్కన చేసే పని. మాత్రల బదులు కాదు. డాక్టరు ఆపమంటే ఆపు. రోడ్డు మీద పోయేవాడు ఆపమంటే వేలు ఆయనకే ఇచ్చెయ్యి" అంది.

వేలు మానింది. మచ్చ ఉంది, వేలు ఉంది. నేను ఆమెకి కృతజ్ఞతలు చెప్పలేదు. ఒక రోజు ధైర్యం చేసి, "మా కొత్తింట్లో నీళ్ళు పోసిన అన్నం సంగతి నేను మర్చిపోలేదు వదినా" అన్నాను.

"ఏ అన్నం?" అంది.

నిజంగానే మర్చిపోయింది! నేను ఇన్నాళ్ళు మోసిన దాన్ని ఆమె చెయ్యి కడుక్కున్నప్పుడే వదిలేసింది.

ఆమెకి తిండి మీద ఆశ లేదని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. బందరులో ఒక పెళ్ళికి వెళ్ళి వస్తూ, బస్సుకి టైముందని ఆమె, నా భార్య, నేను ఒక మిఠాయి కొట్టు ముందు ఆగాం. పళ్ళెంలో నల్లటి హల్వా నేతిలో మెరుస్తోంది. "నేను పెరిగింది మా నాన్న బందరు నుంచి తెచ్చే దీని వాసనలో" అంది. కొట్టువాడు ముక్క కోసి కాగితంలో పెట్టి ఇచ్చాడు. ఆమె అందులోంచి గోరంత తుంచి, మిగతాది నా భార్య చేతిలో పెట్టి, ఆ గోరంత నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. రోడ్డు మీద ఆటోలు హారన్లు కొడుతున్నాయి. కళ్ళు తెరవదే! నేను "వదినా, బస్సు" అన్నాను. "ఉండు, ఇంకా ఉంది" అంది. అలా తినడం నేను ఎవరిలోనూ చూడలేదు. మేం జీవితమంతా తిన్న హల్వా ఆ గోరంతలో ఆమె ఒక్కతే తిన్నది.

తర్వాత కూతురికి అవనిగడ్డలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. అప్పుడప్పుడు ఫోన్ చేసేది. అందరూ భోంచేశావా అని అడుగుతారు. ఆమె, "మరిదీ, కాళ్ళున్నాయా?" అనేది. ఉన్నాయి అంటే పెట్టేసేది.

ఆ రోజు పామర్రులో బస్సు మారి, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ చేరేసరికి వాళ్ళింటి ముందు టెంటు వేసి ఉంది. పొద్దున పంచదార లేని టీ తాగుతూ గుండె పట్టుకుని కూర్చుందట. కప్పు కింద పెట్టేలోపే అయిపోయిందట. టెంటు పక్కన మా గుడివాడ సంఘంవాళ్ళ వ్యాను ఆగి ఉంది. వ్యాను మాట్లాడుకుని, అందరూ కలిసి, మా వీధి మీదుగానే వచ్చారు. ఊళ్ళో లేని నా భార్యకి సరే, నాకూ అందులో ఒక సీటు లేకపోయింది. ఇదీ రాసి పెడుతున్నాను.

వదిన పెట్టెలో ఉంది. తెల్ల చీర, మెడ దాకా పూలు, చేతులకి తెల్ల గ్లౌజులు, కాళ్ళకి తెల్ల మేజోళ్ళు. మావాళ్ళలో అది మామూలే. మా పాస్టరుగారు మాట్లాడారు. "ఈ తల్లికి తిండి మీద ఆశ లేదు. శరీర కోరికలు జయించిన తల్లి" అన్నారు. నాకు మిఠాయి కొట్టు గుర్తొచ్చి పళ్ళు కొరుక్కున్నాను.

ఆయన కూర్చున్నాక గుసగుసలు మొదలయ్యాయి. మా సంఘ పెద్ద చేతికర్ర ఆనించుకుని పెట్టెకి దగ్గర్లోనే కుర్చీలో ఉన్నాడు. ఆయన కుడి పాదం ముందు భాగం తీసేసి చాలా కాలమైంది. మెత్తటి చెప్పులో గుడ్డ కుక్కుకుని నడుస్తాడు.

"పాపం, ఏం తిన్నదని" అన్నాడు పక్కనావిడతో. "అన్నం లేదు, స్వీటు లేదు. నోరు కట్టుకుని కట్టుకుని ఏం బావుకుంది? పోయే రోజు వస్తే ఆగిందా? మేం అన్నీ తింటున్నాం, ఉన్నాంగా."

పక్కనావిడ తలూపింది. ఆవిడ పక్కనాయన కూడా తలూపాడు. టెంటు కింద ఆ తలలు ఊగడం చూశాను. మొత్తం మనిషిని, ఆమె ఇన్నేళ్ళ మొండితనాన్ని ఒక్క తలూపుతో కొట్టేస్తున్నారు. కబురు చెప్పనివాళ్ళు, వ్యానులో చోటివ్వనివాళ్ళు, అన్నం మీద అలిగిందన్నవాళ్ళు. నేను లేచాను.

"ఆ మేజోళ్ళు తియ్యండి."

"ఏంటండీ?" అంది పక్కనావిడ.

"ఆమె కాళ్ళకున్న మేజోళ్ళు తియ్యమంటున్నాను. కాళ్ళు చూడాలి."

"మతిపోయిందా అన్నయ్యా? ఇప్పుడేంటి ఈ అఘాయిత్యం?"

ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. పాస్టరుగారు "సోదరా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. తర్వాత ఎప్పుడు? మూత మేకులు కొట్టాకనా? నేను కదల్లేదు. లోపల్నుంచి కూతురు వచ్చింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయి ఉంది. నన్ను చూసింది, పెట్టె వంక చూసింది.

"బాబాయ్ అన్నట్టే చెయ్యాలి" అంది. "అమ్మకి ఇవి తొడుగుతుంటే నేనే అడ్డు చెప్పాల్సింది."

మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్ల ఒక్కొక్కటే విప్పింది. ఎండకి నల్లబడ్డ చీలమండలు, బూటు అంచు ఆనిన చోట గీత గీసినట్టు ఆగిపోయాయి. ఆ గీత కింద పాదాలు పసిపిల్లవిలా తెల్లగా ఉన్నాయి. గోళ్ళు తిన్నగా కత్తిరించి ఉన్నాయి. మడమలకి పగుళ్ళు లేవు. ఒక్క మచ్చ లేదు, ఒక్క గాయం లేదు. అన్ని వేళ్ళూ ఉన్నాయి, రెండు వైపులా.

"ఇదండీ ఆమె బావుకున్నది" అన్నాను సంఘ పెద్దతో. "బతకడానికి మానుకోలేదు ఆమె. వీటి కోసం మానుకుంది."

ఆయన ముందుకి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. ఏమన్నా అంటాడని, తిరిగి అనడానికి నేను సిద్ధంగానే ఉన్నాను. ఆయన చేతికర్ర సర్దుకుని, తన కాలిని కుర్చీ కిందికి లాక్కున్నాడు. నేను అది చూడనట్టే ఊరుకున్నాను. నాకు పగలుంటాయి గానీ అలాంటివి కాదు.

పక్కనావిడ మేజోళ్ళు అందుకుని మళ్ళీ తొడగబోయింది. "చాలండీ" అంది కూతురు. అచ్చం తల్లి గొంతు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

కోడూరు అవతల వాళ్ళ ఊరికే తీసుకెళ్ళారు. సమాధుల దొడ్డి గోడ ఉప్పుగాలికి పెచ్చులూడి ఉంది. గేటు దగ్గర ఎవరో "చెప్పులిక్కడ విడిచి రండి బాబూ" అన్నారు. "నాకు షుగరండీ, విడవను" అని లోపలికి నడిచాను. ఎవరేం అన్నా విడిచేవాణ్ణి కాదు.

వాళ్ళమ్మ సమాధి పక్కనే చోటు చూశారు. ఆ సమాధికి ఇటువైపు, గడ్డిలో, చిన్న దిబ్బ ఉంది. శిలువ లేదు, పేరు లేదు. ఆ ఊరికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు దాన్ని తొక్కకుండా పక్కకి జరిగి, గొంతు తగ్గించి, "ఇది ఎవరి పాపదమ్మా?" అని కూతుర్ని అడిగారు.

"పాపది కాదండీ" అంది ఆ అమ్మాయి. "మా అమ్మమ్మ కాలు."

ఆయన కళ్ళు మూసుకుని నిలబడ్డారు. వెనకటి పాస్టరుగారు కూడా అలాగే నిలబడ్డారని వదిన చెప్పింది.

పెట్టె దించారు. అందరితో పాటు నేనూ పిడికెడు మట్టి వేశాను. గోతులు తవ్వే మనిషి పార కడుక్కుంటూ, పని అయిపోయినట్టేనా, ఇంకేమన్నా తవ్వాలా అని మామూలుగా అడిగాడు. ఆ మాటకి అక్కడ జవాబు చెప్పాల్సినవాణ్ణి నేనేనని నాకనిపించింది.

"లేదు" అన్నాను. "ఈమెది ఒకటే."